గ్రీన్ టీకి హాల్ టికెట్టా?

ఆకుకి పరీక్ష పెట్టే అలవాటు మన ఇళ్లలో లేదు. తిప్పతీగ కానీ, మునగాకు కానీ, కషాయం కాచి గ్లాసులో పోశామంటే అది పాసైనట్టే. అమెరికావాళ్లకి ఆ మర్యాద తెలియదు. శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ డాక్టర్లు పట్టుకెళ్లి గ్రీన్ టీకి హాల్ టికెట్ ఇచ్చారు!

జబ్బు పేరు ఐపీఎఫ్. కారణం చెప్పకుండా ఊపిరితిత్తులు మచ్చలు కట్టి, ఎండిన బీరకాయలా పీచుదేలిపోతాయి. గ్రీన్ టీలోని ఈజీసీజీ అనే పదార్థాన్ని, బయాప్సీకి (ఊపిరితిత్తి ముక్క తీసి చూసే పరీక్షకి) వచ్చిన కొందరికి రోజుకి 600 మిల్లీగ్రాముల చొప్పున రెండు వారాలు ఇచ్చారు. తీసిన ముక్కల్లో మచ్చ కట్టించే సంకేతాలు తగ్గాయి. 2020లో ఆ సంగతి అచ్చయింది కూడా. మనమైతే మర్నాడే పొట్లాలు కట్టేవాళ్లం. వాళ్లేమో మళ్లీ మొదటి దశ పరీక్షట! ఎంత మోతాదు ఒంటికి పడుతుంది, ఈ జబ్బుకి వాడుతున్న పిర్ఫెనిడోన్, నింటెడానిబ్ మందులతో పేచీ వస్తుందా అని.

మా బాబాయికి ఇదే జబ్బు. మేడ మెట్లెక్కుతూ ఏడో మెట్టు దగ్గర ఆగి ఫోన్ చూసుకుంటాడు. ఫోన్‌లో ఏమీ ఉండదు. ఊపిరి అందాక జేబులో పెట్టుకుని మళ్లీ ఎక్కుతాడు. అది చూసి ఎదురింటి మాస్టారు ఒక గ్రీన్ టీ డబ్బా తెచ్చిచ్చారు.

"రోజుకి ఆరు గ్లాసులు పట్టించండి. నెల తిరక్కుండా పరుగెడతారు."

మాస్టారి పరిశోధనలో లోటేమీ లేదు. టీ తాగింది ఆయన బావమరిది. తాగనిది బావమరిది తమ్ముడు. తాగినవాడికి దగ్గు తగ్గింది. (సిగరెట్లు కూడా ఆ నెలలోనే మానేశాడు. అది వేరే విషయం.)

"లివర్ టెస్ట్ చేయించాలేమో మాస్టారూ" అన్నాను. రోజుకి 800 మిల్లీగ్రాములు, ఆపైన ఈజీసీజీ మాత్రలుగా మింగితే లివర్ ఎంజైములు పెరగొచ్చని 2018లో యూరప్ ఆహార భద్రతా సంస్థ చెప్పింది మరి.

"ఊపిరితిత్తుల జబ్బుకి లివర్ ఎందుకయ్యా?" అన్నారాయన. జవాబు చెప్పలేకపోయాను.

అసలు పరీక్షలంటూ పెడితే పెద్దల పరువే పోతుంది. స్టీరాయిడ్, అజాథయోప్రిన్, ఎసిటైల్ సిస్టీన్ మూడూ కలిపి ఈ జబ్బుకి ఏళ్ల తరబడి పెద్ద డాక్టర్లే రాశారు. హాయిగా సాగిపోతుంటే, ఎవరికో బుద్ధి పుట్టి ఉత్తుత్తి మాత్రతో పోల్చారు. మూడు మందులూ మింగిన 77 మందిలో 8 మంది పోయారు. ఉత్తుత్తి మాత్ర మింగిన 78 మందిలో ఒక్కరు. మధ్యలోనే ఆపేసి, 2012లో లెక్క బయటపెట్టారు. పోనీ ఎసిటైల్ సిస్టీన్ ఒక్కటైనా నిలబడుతుందేమోనని 60 వారాలు ఇచ్చి చూశారు. 2014లో తేలిందేమిటంటే, ఊపిరితిత్తుల శక్తి తరిగిపోవడంలో దానికీ ఉత్తుత్తి మాత్రకీ చెప్పుకోదగ్గ తేడా లేదు. ఈ చాదస్తం లేకపోతే మూడూ ఈపాటికి దర్జాగా చలామణీలో ఉండేవి.

బాబాయికి మాత్రం మాస్టారంటే గౌరవం. రోజూ ఆయన ముందే స్టీలు గ్లాసు అందుకుని, గుమ్మం దాకా సాగనంపి, టీని పిట్టగోడ మీది మందార కుండీలో పోసేస్తాడు. పక్క కుండీలో ఉన్నదీ మందారమే. దానికి పిన్ని ఉత్త నీళ్లు పోస్తుంది. మూడు నెలలైంది. రెండూ ఒకేలా పూస్తున్నాయి.