‘ఊ’ కొట్టే హక్కు

“మా వాడు అస్సలు మాట వినడండీ” అని ఎవరైనా వాపోతే, పిల్లాణ్ణి చెవుల డాక్టరుకు చూపించమని ఎవరూ చెప్పరు. తెలుగులో మాట వినడం అంటే చెప్పినట్టు చెయ్యడం. అంచేత ‘తల్లిదండ్రులు పిల్లల మాట వినాలి’ అని నిపుణులు సెలవిచ్చినప్పుడల్లా నా గుండెల్లో రాయి పడుతుంది. అది సలహా కాదు, అధికార మార్పిడి. పెద్దల మాట చద్దిమూట అన్నారు గానీ పిల్లల మాట ఏ మూటో మన పూర్వీకులు చెప్పలేదు. చెప్పకపోవడమే వాళ్ల ముందుచూపు.

కుట్ర ఈనాటిది కాదు. 1957లో కార్ల్ రోజర్స్, రిచర్డ్ ఫార్సన్ అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు ‘యాక్టివ్ లిజనింగ్’ అని ఒకటి రాశారు. ఎదుటివాడు మాట్లాడుతుంటే మనసులో మన జవాబు సిద్ధం చేసుకోకూడదట. ఏం చెప్పాడో, ఏ బాధతో చెప్పాడో పట్టుకుని, మనకి సరిగ్గా అర్థమైందా అని తిరిగి అతన్నే అడగాలట. అక్కడితో ఆగినా బాగుండేది. రోజర్స్ శిష్యుడు థామస్ గోర్డన్ 1962లో తల్లిదండ్రులకు క్లాసులు పెట్టి ఆ తెగులును ఇళ్లలోకి తెచ్చాడు. పైగా మాటలకి అడ్డుపడే అలవాట్లు 12 ఉన్నాయని ఒక జాబితా వేశాడు. ఆజ్ఞలు, బెదిరింపులు, నీతిబోధ, ఉచిత సలహా, తప్పుపట్టడం, వెక్కిరింత, ఆరాలు తియ్యడం... లెక్క చూసుకున్నాను. మా అమ్మాయి స్కూలు బస్సెక్కేలోపే నావి తొమ్మిది పూర్తవుతున్నాయి.

అన్యాయం ఏమిటంటే, మెచ్చుకోవడం కూడా ఆ జాబితాలో ఉంది. ‘పోనీలే, అదే సర్దుకుంటుంది’ అని ఊరడించడమూ ఉంది. బాధ చెప్పుకోబోయే పిల్లకి అది ‘ఇక చాలించు’ అన్నట్టు వినబడుతుందట. సరే, ఏ గొడవా లేకుండా మాట మార్చి జారుకుందామా అంటే, అదే పన్నెండోది!

1989లో ఐక్యరాజ్యసమితి కూడా వాళ్ల పక్షాన చేరింది. బాలల హక్కుల ఒడంబడికలో 12వ అధికరణం ప్రకారం, తమకి సంబంధించిన విషయాల్లో పిల్లలు అభిప్రాయం చెప్పవచ్చు, దానికి వాళ్ల వయసును, పరిణతిని బట్టి విలువ ఇవ్వాలి. ఆ పరిణతిని ఇంట్లో కొలిచేది మనమే కాబట్టి ప్రస్తుతానికి ప్రమాదం లేదు.

ఇంతమంది మీద మనకి మిగిలిన ఆయుధం ఒక్కటే. ‘ఊ’. ఒకప్పుడు మనం కథ చెబితే పిల్లలు ఊ కొట్టేవారు. ఊ ఆగిందంటే నిద్రపోయారని అర్థం. ఇప్పుడు కథ వాళ్లది, ఊ మనది. తేడా ఏమిటంటే, మన ఊ నిద్రలో కూడా ఆగదు. కళ్లు ఫోన్ మీద, బొటనవేలు తెర మీద, నోట్లోంచి మాత్రం అరనిమిషానికొకటి వస్తూ ఉంటుంది. 1970లలో ఎడ్వర్డ్ ట్రోనిక్ అనే శాస్త్రవేత్త కొందరు తల్లుల్ని కాసేపు పసిపాపల ఎదుట రాతిముఖంతో కూర్చోమన్నాడు. పాపలు నవ్వి చూశారు, చేతులు చాచారు, కేకలు పెట్టారు, చివరికి ముఖం తిప్పేసుకున్నారు. పాపం, ఆ తల్లులకి చెప్పి మరీ ముఖం అలా పెట్టించాల్సి వచ్చింది. ఇప్పుడైతే ఎవరికీ చెప్పక్కర్లేదు.

అయినా న్యాయంగా ఉండాలి కదా అని మొన్న నేనూ ఒక ప్రయోగం చేశాను. మా అమ్మాయి రాగానే ఫోన్ బోర్లించి, ఎదురుగా కూర్చుని, దాని ముఖంలోకి చూశాను.

“ఏమైంది నాన్నా?” అంది, ఒక అడుగు వెనక్కి వేసి.

“ఏం లేదు. నువ్వు చెప్పు, వింటాను.”

“నేనేం చెయ్యలేదు.”

“అంటే, నేను తిడతానేమోనని నీకు భయంగా ఉందన్నమాట” అన్నాను, గోర్డన్ గారిని తలుచుకుని.

“అమ్మా, నాన్నకేదో అయింది!” అని వంటింటివైపు కేకేసింది.

లోపల్నుంచి “ఊ” అని వినబడింది.

కాసేపటికి నమ్మకం కుదిరినట్టుంది, బ్యాగులోంచి ఒక నోట్‌బుక్ తీసింది. నేను ఎప్పుడెప్పుడు దేనికి ‘ఊ’ అన్నానో అన్నీ తారీకులతో సహా రాసుంది. మౌనం అర్ధాంగీకారం అయితే ఊ పూర్తి అంగీకారమేనని దాని వాదన. కాదనడానికి నాకు పాయింటు దొరకలేదు. లెక్కల ట్యూషన్ మానడానికి ఒప్పుకున్నానట. అల్మరాలో నా అర ఖాళీ చేసి దానికిచ్చానట. ఆదివారం స్నేహితురాలి ఇంటి నుంచి కుక్కపిల్ల వస్తోందట.

“పేరేం పెడదాం నాన్నా అని కూడా అడిగాను” అంది. నేను చెప్పిన పేరే ఖాయం చేశారట, బెల్టు మీద రాయించడం కూడా అయిపోయిందట.

తీసి చూపించింది. ఎర్ర బెల్టు మీద తెల్ల రంగుతో, గుండ్రంగా, ముద్దుగా ఒకే ఒక్క అక్షరం. ‘ఊ’.