పది రోజుల్లో పెట్‌ని ఫారిన్ తీసుకెళ్లొచ్చంటున్న ఫార్వర్డ్ సంగతి

ఈ వారం ఒకే మెసేజ్ నాకు నాలుగు గ్రూపుల్లో వచ్చింది. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ: కుక్కనో పిల్లినో వేరే దేశం తీసుకెళ్లడానికి నెలలు పడుతుందని ఏజెంట్లు ఊరికే భయపెడతారు, రేబిస్ టీకా బుక్కు ఉంటే చాలు, చర్మం కింద పెట్టే గుర్తింపు చిప్ ఎప్పుడు వేయించినా ఒకటే, ఎక్కించేముందు నిద్రమాత్ర వేస్తే గొడవుండదు, బోను ఎంత పెద్దదైతే అంత సుఖం, చిన్న కుక్కనైతే ఎవరూ అడగరు, పిల్లికి అసలు రూల్సే లేవు, మొత్తం పది రోజుల పని. మావాడిని, అంటే మా కుక్కని, తీసుకెళ్లడానికి నేను పడ్డ తిప్పలు ఇంకా మర్చిపోలేదు కాబట్టి ఒక్కొక్కటీ చెప్తా.

ముందు చిప్ గురించే, ఎందుకంటే నేను దెబ్బతిన్నది అక్కడే. మేం వెళ్లాల్సింది ఒక ఈయూ (యూరోపియన్ యూనియన్) దేశానికి. మావాడికి టీకాలన్నీ టైముకే పడ్డాయి, చిప్ మాత్రం తర్వాత వేయించాం, ముందైతే ఏంటి తర్వాతైతే ఏంటండీ అని డాక్టర్ గారే అన్నారు, సరే అనుకున్నాం. పేపర్లు చూసినావిడ రెండు తేదీల మీద పెన్ను పెట్టి చూపించింది, చిప్ పడింది టీకా తర్వాత 12 రోజులకి. అంతే, ఆ టీకా లెక్కలోకి రాదు. సూది పడింది ఈ కుక్కకేనని రుజువు చూపించేది చిప్ ఒక్కటే, అది లేనప్పుడు వేసిన సూది ఏ కుక్కకి వేశారో వాళ్లకేం తెలుసు? మళ్లీ టీకా, మళ్లీ మొదటి నుంచి రోజులు లెక్కపెట్టుకోవడం. చిప్ కూడా ఐఎస్ఓ (అంతర్జాతీయ ప్రమాణం) రకం, 15 అంకెలది అయ్యుండాలి, వేరే రకమైతే అక్కడి స్కానర్ చదవకపోవచ్చు. ఇంకోటి, సూది వేయించిన ప్రతిసారీ స్కానర్ పెట్టించి ఆ 15 అంకెలూ పైకి చదివించి పేపర్‌తో సరిచూసుకోండి. మా కాగితంలో ఒకచోట 8 బదులు 3 రాసున్నారు, మా అమ్మాయి చూసింది కాబట్టి బతికిపోయాం.

టీకా బుక్కు చాలు అన్నది కొంతమందికి దాదాపు నిజమే, అది ఒప్పుకోవాలి. రేబిస్ విషయంలో ఫర్వాలేదని ఈయూ లిస్టులో పెట్టిన దేశం నుంచి ఈయూకి వెళ్తుంటే చిప్, టీకా, మొదటి టీకా అయితే ఆ తర్వాత 21 రోజులు, ఆపైన హెల్త్ సర్టిఫికెట్, రక్త పరీక్ష గొడవుండదు. లిస్టులో లేని దేశం నుంచి వెళ్తేనే అసలు కథ. టీకా పడ్డాక కనీసం 30 రోజులు ఆగి రక్తం తీయాలి, ఈయూ గుర్తించిన ల్యాబ్‌కే పంపాలి, యాంటీబాడీలు (టీకా వల్ల రక్తంలో పుట్టే రక్షణ ప్రోటీన్లు) మిల్లీలీటర్‌కి 0.5 ఇంటర్నేషనల్ యూనిట్లకి తగ్గకూడదు, అదంతా అయ్యాక కూడా రక్తం తీసిన రోజు నుంచి 3 నెలలు ఆగాలి. అంటే ఎంత పరిగెత్తినా 4 నెలలు. మధ్యలో బూస్టర్ ఒక్క రోజు దాటినా అది కొత్త టీకా కిందే లెక్క. జపాన్‌కైతే చాలా దేశాల నుంచి రెండు టీకాలు, తర్వాత రక్త పరీక్ష, రక్తం తీసిన రోజు నుంచి 180 రోజులు, పైగా దిగడానికి 40 రోజుల ముందే వాళ్లకి చెప్పాలి. ఆస్ట్రేలియాకి కొన్ని దేశాల నుంచి నేరుగా రానే రానివ్వరు, వచ్చినవాటిలో కూడా చాలావాటికి మెల్‌బోర్న్ దగ్గర మికెల్‌హామ్‌లో ఉన్న ప్రభుత్వ క్వారంటైన్‌లో కనీసం 10 రోజులు.

మరి ఈ పది రోజులు అన్న మాట ఎక్కడ పుట్టింది? నా అనుమానం, ఈయూ హెల్త్ సర్టిఫికెట్ దగ్గర. అది దిగే రోజుకి 10 రోజుల లోపు తీసుకున్నదై ఉండాలి. అది ఆఖరి మెట్టు. ఎవరో ఆ ఒక్క ముక్కే చూసి మొత్తం పని అంతేననుకున్నట్టున్నారు.

నిద్రమాత్ర సంగతి చదివాక మాత్రం ఒళ్లు మండింది. మత్తు మందు బీపీని దించేస్తుంది, ఒంటి వేడిని కాచుకునే శక్తి తగ్గుతుంది, బోను ఒరిగితే తూగుతున్న కుక్క తల నిలబెట్టుకోలేదు, కార్గోలో దాన్ని చూసేవాళ్లు ఎవరూ ఉండరు. పగ్, బుల్‌డాగ్, పర్షియన్ పిల్లి లాంటి చప్పిడి ముక్కువాటికి ఊపిరే అంతంతమాత్రం, వాటికి ఇంకా ప్రమాదం. చాలా ఎయిర్‌లైన్స్ మత్తులో ఉన్నదాన్ని ఎక్కించుకోవు కూడా. మేం చేసిందల్లా బోను తలుపు పీకేసి హాల్లో పెట్టి రెండు నెలలు అందులోనే అన్నం పెట్టడం. మొదటి వారం మెడ ఒక్కటే లోపల పెట్టి, వెనక కాళ్లు బయటే ఉంచి తినేవాడు, దొంగలా. నెల తిరిగేసరికి పిలిచినా బయటికొచ్చేవాడు కాదు.

బోను పెద్దదైతే సుఖం అన్నది కూడా తప్పే. లేచి నిలబడాలి, చుట్టూ తిరగాలి, సాగి పడుకోవాలి, అంతవరకే. మరీ పెద్దదైతే కుదుపు వచ్చినప్పుడు లోపల ఇటూ అటూ కొట్టుకుంటుంది. పైభాగాన్ని ప్లాస్టిక్ క్లిప్పులతో కాకుండా ఇనుప నట్లు బోల్టులతో బిగించండి. నీళ్ల గిన్నె తలుపు తెరవకుండా బయట నుంచి పోసేలా ఉండాలి, ముందురోజు రాత్రే అందులో నీళ్లు గడ్డకట్టించి పెడితే ఒలికిపోకుండా మెల్లగా కరుగుతాయి.

చిన్న కుక్కని ఎవరూ అడగరా? 2015లో హాలీవుడ్ నటులు జానీ డెప్, అంబర్ హర్డ్ తమ రెండు చిట్టి కుక్కల్ని చెప్పకుండా ప్రైవేట్ జెట్‌లో ఆస్ట్రేలియాకి తెచ్చారు, గడువు పెట్టి మరీ వెనక్కి పంపించేశారు, కోర్టు కేసు కూడా నడిచింది.

ఇక పిల్లి. ఈయూకీ జపాన్‌కీ పిల్లికి కూడా చిప్, టీకా, రక్త పరీక్ష అన్నీ కుక్కతో సమానమే. బ్రిటన్, ఐర్లాండ్, నార్వే లాంటి చోట్ల దిగడానికి 24 నుంచి 120 గంటల ముందు టేప్‌వర్మ్ (బద్దెపురుగు) మందు వేయించాలన్న రూలు కుక్కలకే, పిల్లికి అదొక్కటి తప్పుతుంది. క్యాబిన్‌లో తీసుకెళ్తుంటే ఇంకో సంగతి ఎవరూ చెప్పరు, సెక్యూరిటీ దగ్గర సాధారణంగా బ్యాగ్ మాత్రం ఎక్స్‌రేలోకి వెళ్తుంది, పిల్లిని బయటికి తీసి మీరే పట్టుకోవాలి. ఆ శబ్దాలకి బెదిరితే చేతుల్లో ఆగదు, కాబట్టి నెల ముందు నుంచే హార్నెస్ (ఒంటి చుట్టూ కట్టే పట్టీ) తొడిగి ఇంట్లో తిప్పండి, బ్యాగ్ జిప్పు తీసేముందు దానికి తగిలించిన బెల్టు చేతికి రెండు చుట్లు చుట్టుకోండి.