డాక్టర్ల మాట కలవని చోటే అసలైన డేటా

సీటీ స్కాన్‌లో నాలుగు మిల్లీమీటర్ల మచ్చను పట్టుకోవడం అంత తేలిక కాదు. ఊపిరితిత్తిని అడ్డంగా కోసినట్టు చూపించే ఆ చిత్రంలో రక్తనాళమూ తెల్లచుక్కలాగే ఉంటుంది, క్యాన్సర్ కావడానికి అవకాశమున్న చిన్న గడ్డ, అంటే నాడ్యూలూ తెల్లచుక్కలాగే ఉంటుంది. రేడియాలజిస్టు మౌస్ తిప్పుతూ పైచిత్రాల్లోకీ కింది చిత్రాల్లోకీ వెళ్లి చూస్తారు. చుక్క పక్కకు జరుగుతూ కొమ్మలుగా చీలిపోతే అది నాళం. రెండు మూడు చిత్రాల్లో కనిపించి మాయమైతే అనుమానించాల్సిందే. ఒక్కో స్కాన్‌లో ఇలాంటి చిత్రాలు వందల్లో ఉంటాయి.

ఈ పనిలో డాక్టర్‌కు తోడుగా ఉండే సాఫ్ట్‌వేర్ కోసం ఎన్నో బృందాలు పనిచేస్తున్నాయి. ఎవరి స్కాన్ల మీద వాళ్లే పరీక్ష పెట్టుకుని, వాళ్లే మార్కులు వేసుకుంటే ఎవరిది మెరుగో తేలదు. అందుకే అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ చొరవతో ఎల్ఐడీసీ-ఐడీఆర్ఐ అనే ఉమ్మడి డేటాబేస్ తయారైంది. 7 విద్యాసంస్థలు, 8 ఇమేజింగ్ కంపెనీలు చేతులు కలిపి 1,010 మంది రోగుల 1,018 స్కాన్లను ఒకచోట చేర్చాయి. వాటిని ఎవరైనా ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది ఆ స్కాన్లను చదివిన పద్ధతి. ప్రతి స్కాన్‌నూ నలుగురు రేడియాలజిస్టులు ముందు విడివిడిగా చూశారు. తర్వాత మిగతా ముగ్గురు పెట్టిన గుర్తులను పేర్లు లేకుండా చూసి, కావాలంటే తమ అభిప్రాయం మార్చుకున్నారు. అందరూ ఒకే మాట మీదకు రావాలని మాత్రం ఎవరూ పట్టుబట్టలేదు. కనీసం ఒక్కరైనా 3 మిల్లీమీటర్లు, ఆపైన ఉన్న నాడ్యూల్ అని గుర్తించినవి 2,669. నలుగురూ ఔనన్నవి 928 మాత్రమే, అంటే మూడోవంతు కంటే కాస్త ఎక్కువ.

అనుభవం ఉన్న డాక్టర్లకే ఇంత తేడా వచ్చిందంటే డేటాబేస్ మీద అనుమానం రావచ్చు. నా దృష్టిలో దాని విలువంతా ఆ తేడాను దాచకపోవడంలోనే ఉంది. తర్వాత ఇందులోంచే 888 స్కాన్లు తీసుకుని, నాడ్యూళ్లను పట్టే సాఫ్ట్‌వేర్‌లకు లూనా16 అనే పోటీ పెట్టారు. నలుగురిలో కనీసం ముగ్గురు ఒప్పుకున్న 1,186 నాడ్యూళ్లనే అందులో లెక్కలోకి తీసుకున్నారు. పోటీకి అలాంటి గీత ఒకటి అవసరమే. కానీ ఆస్పత్రిలో డాక్టర్‌కు టెన్షన్ పెట్టేవి ఆ గీత కింద మిగిలిపోయిన మచ్చలే. సాఫ్ట్‌వేర్ సాయం కావాల్సిందీ వాటి దగ్గరే.

మరో లోటు ఇంకా పెద్దది. మచ్చ క్యాన్సర్ కావడానికి ఎంత అవకాశముందో చెప్పే 1 నుంచి 5 దాకా అంకెలు ఇందులో ఉన్నాయి. అవి స్కాన్ చూసి డాక్టర్లు వేసిన అంచనాలే తప్ప, మచ్చలోంచి చిన్న ముక్క తీసి పరీక్షించే బయాప్సీ ఫలితాలు కావు. అసలు జబ్బేమిటో తెలిపే వివరాలు 157 మంది రోగులకే దొరుకుతున్నాయి. క్యాన్సర్‌ను కనిపెడుతుందని చెప్పుకునే ప్రోగ్రామ్ ఈ అంకెల మీదే శిక్షణ పొంది ఉంటే, అది నేర్చుకున్నది డాక్టర్ల అనుమానాన్ని మాత్రమే.

మన దగ్గర చిక్కు మరో రకం. ప్రపంచ టీబీ రోగుల్లో దాదాపు నాలుగోవంతు మంది భారత్‌లోనే ఉన్నారు. టీబీ తగ్గిపోయాక కూడా ఊపిరితిత్తిలో మచ్చలు మిగులుతాయి, కొన్ని అచ్చం నాడ్యూళ్లలాగే కనిపిస్తాయి. క్యాన్సర్‌ను టీబీ అనుకుని నెలల తరబడి టీబీ మందులు వాడించిన కేసులు మన డాక్టర్లకు కొత్త కాదు. అమెరికా స్కాన్ల మీదే నేర్చుకున్న ప్రోగ్రామ్‌ను తెచ్చి మన జిల్లా ఆస్పత్రిలో పెడితే ఈ రెండింటినీ విడదీస్తుందన్న నమ్మకం నాకు లేదు. ఇక్కడి స్కాన్ల మీద పరీక్షించకుండా కొనకూడదు.

ఆ పరీక్షకైనా మన సొంత డేటాబేస్ ఉండాలి. స్కాన్ ఫైళ్లలోంచి పేరు, ఆస్పత్రి నంబరు తీసేయడం తెలిసిన పనే. ఖర్చయ్యేది డాక్టర్ల సమయం. ఒకే స్కాన్‌ను నలుగురితో చదివించాలంటే ఆ గంటలకు డబ్బు చెల్లించాలి, దాన్ని పరిశోధనగా గుర్తించాలి. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే, విశాఖలో హోమీ భాభా లాంటి క్యాన్సర్ ఆస్పత్రులతో మొదలుపెట్టొచ్చు. క్యాన్సర్ అని తేలినవాటితో పాటు, అనుమానించి బయాప్సీ చేస్తే టీబీ అని తేలిన కేసులూ అందులో ఉండాలి. రోగుల అనుమతితో ప్రతి స్కాన్ పక్కన బయాప్సీ ఫలితాన్నీ, నలుగురు డాక్టర్లు ఏమన్నారో దాన్నీ ఉన్నదున్నట్టు చేర్చాలి.