చారు కాదు మహాప్రభో, బీరు!

నిన్న రాత్రి పాట్‌లక్ (తలా ఒకటి చేసి తెచ్చుకునే విందు) నుంచి వచ్చినప్పట్నుంచీ ఒళ్లు మండిపోతోంది. కోపం తగ్గాక రాద్దామనుకున్నా, తగ్గట్లేదు, అందుకే రాసేస్తున్నా.

ఇంట్లో నేనే కాచిన బీరు, నెలన్నర పట్టిన బ్యాచ్ అది. ఒక్క గ్యాలన్, అంటే మూడు ముప్పావు లీటర్లు, అడుగున మడ్డి వదిలేస్తే తొమ్మిదంటే తొమ్మిదే సీసాలొచ్చాయి. అందులో ఆరు పట్టుకెళ్లా, ఎంత పిచ్చోణ్ణో చూడండి. చింతపండు వేసిన గోజె, అంటే జర్మనీ వాళ్ల పుల్లటి బీరు. ఒకాయన (పేరెందుకులే, ఈ పోస్టు కూడా చదువుతాడు) ఒక్క గుక్క తాగి "ఏంటి బ్రో, చారులో పోపు మర్చిపోయావా" అన్నాడు. అందరూ పకపకా నవ్వులు. అక్కడితో ఆగాడా, గ్లాసులో నాలుగు ఐసు ముక్కలు పడేసి, మళ్లీ మూతి కూడా పెట్టకుండా సింకు పక్కన వదిలేసి, కూలర్లోంచి బెల్జియం వీట్ బీరు తీసి, నారింజ ముక్క గుచ్చుకుని "బీరంటే ఇదీ" అంటాడు.

నాయనా, అందులో ఏముందో తెలుసా? ధనియాలు! ధనియాలూ నారింజ తొక్కా. బెల్జియంలో హోగార్డెన్ అనే ఊళ్లో ఆ రకం బీరు కాచేవాళ్లే లేకుండా పోతే 1960ల్లో పియెర్ సెలిస్ అని పాలు పోసుకునే ఆయన మళ్లీ మొదలెట్టాడు. ఆయనే తర్వాత మన టెక్సాస్‌కొచ్చి 1992లో ఆస్టిన్‌లో బ్రూవరీ పెట్టాడు, నువ్వు ఇల్లు కొన్న చోటికి మూడు గంటల దూరంలో. పాలాయన ధనియాలు వేస్తే బెల్జియం, నేను వేస్తే చారు.

అసలు గోజెలో ఉప్పూ ధనియాలూ వేసింది నేను కాదు, జర్మనీ వాళ్లు. చింతపండొక్కటే నాది. పులుపు కోసం వర్ట్‌ని (ఇంకా పులియని, బీరు కాబోయే తియ్యటి మాల్ట్ రసం) 40 డిగ్రీలకి చల్లార్చి, రెండు చెంచాల పెరుగు తోడేసి, గిన్నెకి దుప్పటి చుట్టి రెండ్రోజులు వదిలేశా, చలికాలంలో అమ్మ పెరుగు గిన్నెకి చుట్టినట్టే. తర్వాత మళ్లీ మరిగించి, దింపడానికి ఐదు నిమిషాల ముందు ఐదు గ్రాముల ధనియాలు. వేయిస్తే చారు వాసన ఖాయం, నాకా మాత్రం తెలీదా? వేయించకుండా కచ్చాపచ్చాగా దంచితే నిమ్మతొక్క వాసనొస్తుంది. ఇక్కడి తెల్ల హోంబ్రూవర్లు ఆ వాసన కోసమే ఇండియన్ స్టోర్‌కొచ్చి మన కోల ధనియాలు ఏరుకుని పోతారు. మనవాడికి మాత్రం పోపు గుర్తొచ్చింది.

ఇంకొకావిడ "ఇంట్లో కాయడం లీగలేనా అండీ" అని గుసగుసగా. లీగలేనమ్మా! 1978లో జిమ్మీ కార్టర్ సంతకం పెట్టాడు, ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్లు. నేను కాచేది ఒక్కోసారికి ఒకటి. సారా బట్టీ పెడితే నేరం, బీరు పులియబెడితే కాదు, ఈ తేడా ఎన్ని పార్టీల్లో ఎన్నిసార్లు చెప్పాలి? (ఇండియాలో ఉన్నోళ్లు నన్ను చూసి మొదలెట్టకండి, ఎక్సైజ్ వాళ్లొస్తారు.) మన ఊళ్లో చెట్టు మీద లొట్టిలోనే పులిసే కల్లుని లొట్టలేసుకుంటూ తాగినోళ్లే ఇక్కడికొచ్చి నా ఎయిర్‌లాక్ (పులిసేటప్పుడు గ్యాస్ బయటికి వదిలే మూత గొట్టం) బుడుక్ మంటే "గుడుంబా రెడీనా" అంటారు.

ఆ మాట మొదలెట్టింది ఎవరో కాదు, మా బావ. బంగినపల్లి గుజ్జు వేసిన బ్యాచ్‌లో చక్కెర పులవడం పూర్తికాకుండానే తొందరపడి సీసాల్లో పోశా, క్లోజెట్‌లో రెండు పేలాయి, ఒప్పుకుంటా, తప్పు నాదే. మూడేళ్లయింది, ఇప్పటికీ ప్రతి పండక్కీ ఆ కథే. సరే, మరి బకెట్ కథ ఎవరు చెప్తారు? బీరు పులియబెట్టే నా రెండు గ్యాలన్ల ఫెర్మెంటర్ బకెట్, కొత్తది, ఒక్క గీత లేదు, "రెండ్రోజులు ఇవ్వరా" అని పట్టుకెళ్లి అందులో ఆవకాయ కలిపారు. ఆవకాయ! ఫెర్మెంటర్‌లో! సబ్బూ, వేణ్ణీళ్లూ, సోడా, ఎండ, అన్నీ అయ్యాయి, ప్లాస్టిక్‌కి పట్టిన నూనె వాసన పోతుందా? ఇప్పటికీ గరాజ్‌లోకెళ్తే ఆవపిండి ఘాటు. పైగా గరిటె గీతలు.

అక్కా, నువ్విది చదువుతావని తెలుసు. ఆ బకెట్ మూత ఇంకా మీ ఇంట్లోనే ఉంది.