సవరణ: కార్ స్క్రీన్ వారంటీ గురించి మొన్న తప్పు రాశా

మొన్న నా కార్ టచ్ స్క్రీన్ ఎవరూ ముట్టకుండానే నొక్కుకుంటున్న గోల రాసినప్పుడు ఎక్స్‌టెండెడ్ వారంటీ కింద ఫ్రీగా మార్చారు, కొత్త స్క్రీన్‌కి మళ్ళీ 3 ఏళ్ళు వారంటీ మొదలవుతుంది అన్నా కదా, రెండూ తప్పే. నిన్న బెంగళూరు మారతహళ్ళి ట్రాఫిక్‌లో ఇరుక్కుని (అక్కడ ఇంకేం పనుంటుంది) బిల్లు తీసి చదివితే తెలిసింది, మార్చింది కార్‌తో వచ్చిన మామూలు వారంటీలోనే, అది అయిపోవడానికి ఇంకో 4 నెలలుంది, కొత్త స్క్రీన్‌కి కూడా ఆ 4 నెలలే.

ఇంకోటి, స్క్రీన్ దానంతటదే నొక్కుకుంటుంటే స్పిరిట్‌తో తుడవమన్నా. దయచేసి ఆ పని చేయకండి, పైన కోటింగ్ పోతుంది, ఆ తర్వాత సర్వీస్ సెంటర్ వాళ్ళకి మీరే పాడుచేశారు అనడానికి సాకు దొరికినట్టే. అసలే మొదటిసారి వెళ్తే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వేసి పంపేశారు, రెండోసారి "ఇప్పుడు బానే ఉంది కదా సార్" అని మొదలెట్టారు, ఫోన్‌లో వీడియో చూపించాక గానీ జాబ్ కార్డ్‌లో (బండి తీసుకునేటప్పుడు వాళ్ళు సమస్యలు రాసుకునే కాగితం) కంప్లైంట్ రాయలేదు. వీడియో తీసుకోండి, జాబ్ కార్డ్ కాపీ అడిగి తీసుకోండి అన్న మాట మాత్రం నేను వెనక్కి తీసుకోను.

ఒకన్న అడిగితే కన్జ్యూమర్ కేసుకి ఏడాదే గడువు అని చెప్పేశా, సారీ అన్నా, 2 ఏళ్ళు. దానికంటే ముందు నేషనల్ కన్జ్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, తెలుగులో కూడా మాట్లాడతారు.