ఆమ్లం పోస్తే క్షారం మిగలదు

గడ్డిని కాస్టిక్ సోడా అనే క్షారంలో ఉడికించాక మిగిలే నల్లనీళ్లలో ఆమ్లం కలిపి లిగ్నిన్ (గడ్డిలో నారను అతికి ఉంచే పదార్థం) తీసేసి, ఆ నీళ్లే మళ్లీ ఉడికించడానికి వాడుకోవచ్చని మీ వ్యాసంలో రాశారు. సగమే నిజం. ఆమ్లం పోసి పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 2–3కి దించితే పాలు విరిగినట్టు లిగ్నిన్ గోధుమరంగు ముద్దగా విడిపోతుంది, బీకరులో నేనూ చూశాను. కానీ మనం కాపాడుకోవాల్సిన క్షారమంతా అక్కడే ఉప్పుగా మారిపోతుంది కదా! పైగా గడ్డిలో, ముఖ్యంగా వరిగడ్డిలో, సిలికా ఎక్కువ. అది జిగురులా ఫిల్టర్‌కి పట్టేస్తే నీళ్లు చుక్కచుక్కగానే దిగుతాయి. క్షారం దక్కాలంటే అల్ట్రాఫిల్ట్రేషన్ పొరే (అతి సన్నని రంధ్రాలున్న వడపోత పొర) నయం: పెద్ద లిగ్నిన్ అణువులు ఆగిపోతాయి, సోడా దాటిపోతుంది. కానీ లిగ్నిన్ చిన్న ముక్కలూ సోడాతోపాటే దాటి, రౌండు రౌండుకీ పేరుకుపోతాయి. వాటిని ఎలా తీయాలో కూడా రాయండి.