‘దగ్గరే’ గారికి, కుంటుకుంటూ రాస్తున్న లేఖ

శ్రీయుత ‘దగ్గరే’ గారికి,

కుడికాలు వేడినీళ్ల బకెట్లో పెట్టుకుని రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే మన్నించాలి. నిన్న కటికి జలపాతానికి వెళ్లొచ్చాం. బొర్రా గుహల దగ్గర జీపు మాట్లాడుకుంటూ ‘దిగాక నడక ఉంటుందా?’ అని అడిగితే, డ్రైవరు నోట్లోంచి మీరే ఊడిపడ్డారు: ‘దగ్గరే సార్.’

ఆ జీపు గురించి ఏమీ అనను. ముక్కూ మొహం తెలియని వాళ్ల పిల్లాణ్ని నా ఒళ్లో కూర్చోబెట్టారు. బండి రాళ్ల మీద ఎగిరిన ప్రతిసారీ వాడి తల నా గడ్డానికి తగిలింది. పోనీండి.

దిగాం, నడిచాం. ఎదురొచ్చిన కాలేజీ కుర్రాళ్లని అడిగితే మీరు. మొక్కజొన్న కండెలు కాల్చే ఆయన్ని అడిగితే మళ్లీ మీరే, పైగా ‘ఇదిగో’ అనే తమ్ముణ్ని వెంటబెట్టుకుని. పావుగంటకి నీళ్ల చప్పుడు వినపడింది. ‘చెప్పానా, దగ్గరేనని’ అన్నాడు మా బావమరిది. ఆ చప్పుడు ఇంకో ఇరవై ఐదు నిమిషాలు అలాగే వినపడింది, పెరగనూ లేదు, తగ్గనూ లేదు. ఈ గోస్తని నది భీమిలి దాకా పోయి సముద్రంలో కలుస్తుంది. అడిగితే అదీ దగ్గరే అంటుంది కాబోలు.

ఒకావిడ విషయంలో మాత్రం మిమ్మల్ని క్షమిస్తున్నాను. నెత్తిన కట్టెలమోపు, చేతిలో పచ్చి వెదురు బొంగులు. ‘దగ్గరే బాబూ’ అంటూనే మమ్మల్ని దాటేసింది. మేం రొప్పుతూ చేరేసరికి ఆవిడ పొయ్యి మీద బొంగులు సగం నల్లబడ్డాయి. రోజూ ఎక్కి దిగే మనిషి, ఆవిడ నోట్లో మీరు నిజమే.

కానీ సీట్లో కూర్చుని ఫోన్ చూసుకునేవాడికి మీరెందుకు ఊడిగం చేస్తున్నారు? వాడెప్పుడైనా దిగి నడిచాడా? ‘వెయిటింగ్ గంటే’ అన్నాడు. పోవడానికే నలభై నిమిషాలు! అంతెత్తు నుంచి నీళ్లు దూకుతుంటే నేను వాచీ చూసుకుంటూ నిలబడ్డాను. ముందు సెల్ఫీల గోడ. దాని మీంచి కాస్త తుంపర మొహాన పడింది, అదే నా జలపాతం. తిరిగొస్తే లేటయిందని ఇంకో మూడొందలు గుంజాడు. సిగ్గుండాలి, వాడికీ మీకూ!

దిగేటప్పుడు బురదలో నా కుడి చెప్పు అడుగు ఊడి ఉండిపోయింది. వెనక్కి వెళ్లే ఓపిక లేదు. మీరే వెళ్లి తెచ్చిపెట్టండి. రెండో మలుపు దాటాక, మద్దిచెట్టు కింద ఉంటుంది.

దగ్గరే.